పటంలో గ్రహణం, డాబాపై గ్రహణం

2025 సెప్టెంబరు 7, ఆదివారం, భాద్రపద పూర్ణిమ. ఆ రాత్రి వచ్చిన సంపూర్ణ చంద్రగ్రహణం మన ప్రాంతానికి మొదటినుండి చివరివరకు దక్కినది. మా డాబా మీద చాపలు పరచుకొని ఏడెనిమిదిమందిమి కూర్చున్నాము. పక్కింటి పదవ తరగతి అబ్బాయి కూడ వచ్చినాడు. రాత్రి పదకొండుంబావు అయినది. చంద్రబింబం పూర్తిగా భూమి నీడలోనికి పోయి, తోమక మాసిన రాగి చెంబు రంగులో కనబడుతున్నది. ఆ అబ్బాయి చాలాసేపు తదేకంగా చూచి, "సార్, సంపూర్ణ గ్రహణం ఎప్పుడు మొదలవుతుందండీ?" అని అడిగినాడు. మొదలై పదిహేను నిమిషాలైనదని చెప్పినాను. "మరి చంద్రుడు కనబడుతూనే ఉన్నాడు గదండీ!" అన్నాడు.

ఆ ప్రశ్న విని చుట్టూ ఉన్నవారు నవ్వినారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ అబ్బాయి చురుకైనవాడు. చంద్రగ్రహణ పటం శుభ్రంగా గీచి, భాగాలు గుర్తించి, పూర్తి మార్కులు తెచ్చుకొన్నవాడు. ఆ పటంలో నీడలోని చంద్రుణ్ణి పెన్సిలుతో నల్లగా నింపడం ఆచారం. కనుక గ్రహణం సంపూర్ణమైనప్పుడు చంద్రుడు మాయం కావలెనని అతడు నిశ్చయించుకొన్నాడు. పటాన్ని నమ్మి, కంటిని శంకించినాడు.

ఇందులో అతని తప్పు ఎంత, మన తప్పు ఎంత? నేను కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పుతూ ఇదే పటాన్ని ఎన్నోసార్లు నల్లబల్లమీద గీచినాను. గీచినవారికి మార్కులు ఇచ్చినాను. కాబట్టి ఈ విమర్శ మొదట నాకే తగులుతుంది. ఉన్నత పాఠశాలలలో మనం సాధారణంగా చెప్పే గ్రహణ పాఠాన్నీ, దానికి ప్రాణంగా భావించే ఆ పటాన్నీ, ఇంటి డాబా మీదనుండి కనబడిన ఆకాశంతో పోల్చి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పటంలోని గుణం

విమర్శ అంటే దోషాలను ఏకరువు పెట్టడం కాదు. ముందు గుణం చెప్పవలెను. సూర్యుడు, భూమి, చంద్రుడు ఒక వరుసలోనికి వచ్చినప్పుడు గ్రహణం వస్తుందనీ, అది పూర్ణిమనాడే సాధ్యమనీ, చంద్రుణ్ణి కప్పేది భూమి నీడయే అనీ ఆ చిన్న పటం ఒక్క చూపులో చెప్పుతుంది. ఈ మూడూ సత్యాలే. క్రీ.శ. 499 ప్రాంతంలో ఆర్యభటుడు తన ఆర్యభటీయంలో చెప్పిన కారణం కూడ ఇదే. అతడు కారణం చెప్పి ఊరుకోలేదు. భూమి నీడ పొడవు ఎంతో, చంద్రుని దారి దగ్గర ఆ నీడ వెడల్పు ఎంతో లెక్కించే విధానం కూడ ఇచ్చినాడు.

అక్కడే మన పాఠానికీ, ఆర్యభటునికీ తేడా వస్తున్నది. అతనికి నీడ ఒక కొలత. మన విద్యార్థికి నీడ ఒక బొమ్మ. ఆ బొమ్మలో నాలుగు దోషాలు ఉన్నవి. వాటిని వరుసగా చూతాము.

మొదటి దోషం: కొలతలు

పటంలో భూమినుండి చంద్రుడు సుమారు మూడు సెంటీమీటర్ల దూరంలో ఉంటాడు. భూమి నీడ సెంటీమీటరు వెడల్పు పైగా ఉంటుంది. పుటలో చోటు లేదు కనుక ఇది తప్పదని సమాధానం చెప్పవచ్చును. సరే. కాని దీనివలన కలిగే అనర్థం చూడండి. "ప్రతి పూర్ణిమకు గ్రహణం ఎందుకు రాదు?" అనే ప్రశ్న ప్రతి తరగతిలోనూ వస్తుంది, రావలెను కూడ. చంద్రుని కక్ష్యాతలం భూమి కక్ష్యాతలానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉన్నదని పాఠం జవాబు చెప్పుతుంది. అయితే మూడు సెంటీమీటర్ల దూరంలో 5 డిగ్రీలు అంటే చంద్రుడు పైకి లేచేది మూడు మిల్లీమీటర్లు కూడ కాదు. సెంటీమీటరు వెడల్పు నీడనుండి అతడు తప్పుకోలేడు. అనగా పటం ప్రకారం ప్రతి పూర్ణిమకూ గ్రహణం రావలసిందే! పాఠంలోని వాక్యాన్ని పాఠంలోని పటమే ఖండిస్తున్నది. విద్యార్థి గట్టిగా అడగడు. మనం గట్టిగా ఆలోచించము. వాక్యం కంఠస్థమవుతుంది.

దీనికి విరుగుడు తరగతి గదిలోనే ఉన్నది. వేయి కిలోమీటర్లను ఒక సెంటీమీటరు అనుకొందాము. భూమి వ్యాసం 12,742 కి.మీ.; కనుక సుమారు పదమూడు సెంటీమీటర్ల పంపరపనస పండు భూమి అవుతుంది. చంద్రుని వ్యాసం 3,474 కి.మీ.; మూడున్నర సెంటీమీటర్ల నిమ్మకాయ చాలును. ఈ రెంటిమధ్య సగటు దూరం 3,84,400 కి.మీ. కనుక నిమ్మకాయను పంపరపనసకు 3 మీటర్ల 84 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవలెను. ఒక విద్యార్థి బల్ల దగ్గర, మరొక విద్యార్థి గోడ దగ్గర నిలబడితే సరిపోతుంది. సూర్యుణ్ణి గదిలో పెట్టలేము. అతడు ఒకటిన్నర కిలోమీటరు దూరంలో, పద్నాలుగు మీటర్ల వెడల్పుతో ఉంటాడు.

ఈ లెక్కలో పంపరపనస నీడ సన్నగిల్లుతూ పోయి సుమారు 13 మీటర్ల 80 సెంటీమీటర్ల దూరంలో మొనదేలుతుంది. నిమ్మకాయ ఉన్నచోట దాని వెడల్పు తొమ్మిది సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ. అయిదు డిగ్రీల వాలు వలన నిమ్మకాయ ఆ నీడ నడిమికంటె 34 సెంటీమీటర్లవరకు పైకిగాని క్రిందికిగాని పోగలదు. నీడను తాకవలెనంటే ఆరు సెంటీమీటర్ల లోపలికి రావలెను. మీటరు బద్ద పట్టుకొని ఇంతవరకు చేయించండి. పూర్ణిమలలో ఎక్కువభాగం గ్రహణం లేకుండ ఎందుకు గడచిపోతవో వేరే చెప్పవలసిన పని ఉండదు.

చంద్రుడు భూకక్ష్యాతలాన్ని దాటే రెండు బిందువులకు సమీపంలో పూర్ణిమ వచ్చినప్పుడే గ్రహణం. మన జ్యోతిర్గణితంలో ఆ రెండు బిందువులకే రాహువు, కేతువు అని పేర్లు. పంచాంగంలో రాహువు ఫలానా రాశిలో ఉన్నాడని రాస్తే, గణితం దృష్టిలో దాని అర్థం ఈ ఖండన బిందువు ఫలానా చోట ఉన్నదని. పాము కథను వెక్కిరించే ముందు ఈ మాట కూడ విద్యార్థికి చెప్పడం న్యాయం.

రెండవ దోషం: రంగు

మా డాబా మీద అబ్బాయి అడిగిన ప్రశ్న ఇదే. నీడ నల్లగా ఉండవలెను గదా, చంద్రుడు ఎర్రగా ఎందుకున్నాడు?

భూమికి వాతావరణం లేకపోతే పటమే నిజమయ్యేది. సంపూర్ణ గ్రహణంలో చంద్రుడు దాదాపు కనబడకుండా పోయేవాడు. కాని భూమి చుట్టూ గాలి ఒక పలుచని పొరగా ఉన్నది. భూమి అంచును రాసుకొనిపోయే సూర్యకిరణాలు ఆ పొరలో వక్రీభవనం చెంది నీడలోపలికి వంగుతవి. ఇంత గాలిలోనుండి దూరి వచ్చేసరికి నీలివెలుగు చాలవరకు చెదరిపోతుంది, ఎరుపు మిగులుతుంది. సాయంకాలం సూర్యుడు ఎర్రబడడానికి ఏది కారణమో ఇదీ అదే. ఆ సమయంలో మనం చంద్రుని మీద నిలబడి చూస్తే, నల్లని భూమి చుట్టూ ఎర్రని సన్నని వలయం కనబడుతుంది. అది భూమి మీద ఆ క్షణంలో జరుగుతూన్న ఉదయాస్తమయాలన్నిటి వెలుగు. ఆ వెలుగే చంద్రుని మీద పడి మనకు తిరిగి వస్తుంది. వాతావరణంలో కిరణాలు వంగడమే దీనికి కారణమని కెప్లరు 1604లోనే వివరించినాడు. నాలుగు వందల ఏళ్లు దాటినా మన పటంలో ఎర్ర పెన్సిలుకు చోటు దొరకలేదు.

ఈ ఎరుపు ప్రతి గ్రహణంలోనూ ఒకటిగా ఉండదు. ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు ఆంద్రే దాంజోఁ 1921లో దీనికి సున్న నుండి నాలుగువరకు ఒక కొలబద్ద ఏర్పరచినాడు. చంద్రుడు కనబడీ కనబడకుండ ఉంటే సున్న. బూడిద రంగులోగాని, మసక గోధుమరంగులోగాని ఉంటే ఒకటి. తుప్పు రంగు రెండు, ఇటుక రంగు మూడు, మెరిసే రాగి రంగు నాలుగు. దీనికి పరికరం అక్కరలేదు, కన్ను చాలును. ఇండొనీషియాలోని ఆగుంగ్ అగ్నిపర్వతం 1963లో బద్దలైనప్పుడు ఆ ఏడు డిసెంబరు 30నాటి గ్రహణంలోనూ, ఫిలిప్పీన్సులోని పినతూబో 1991లో బద్దలైన తరువాత 1992 డిసెంబరు 9నాటి గ్రహణంలోనూ చంద్రుడు అతి మసకగా కనబడినాడు. అగ్నిపర్వతాలు పైకి చిమ్మిన పదార్థం ఆకాశంలో ఎత్తున నిలిచి, వంగి వచ్చే వెలుగును అడ్డగించడమే దీనికి కారణం. అనగా డాబా మీద కూర్చుండి చంద్రుని రంగు రాసుకొనే విద్యార్థి, నిజానికి భూమి వాతావరణాన్ని పరీక్షిస్తున్నాడు. నల్ల పెన్సిలుతో నింపిన సున్న ఈ విషయమంతటినీ కప్పివేస్తున్నది.

సెప్టెంబరు 7న మరొక విశేషం కూడ కనబడినది. ఎరుపు బింబమంతటా ఒకటిగా లేదు. పైభాగం, అనగా ఉత్తరపు వైపు, ఎక్కువ మసకగా ఉన్నది. దక్షిణపు అంచు తేటగా ఉన్నది. చంద్రుడు ఆనాడు నీడ నడిమికి దక్షిణంగా నడచినాడు. అందుచేత ఉత్తరభాగం నీడ నడిమికి దగ్గర అయినది. రంగును చూచి చంద్రుడు నీడలో ఏ దారిన పోయినాడో చెప్పవచ్చునన్నమాట.

మూడవ దోషం: అంచులు

భూమి నీడలో రెండు భాగాలు. సూర్యుడు పూర్తిగా మరుగుపడే నడిమి భాగం ప్రచ్ఛాయ. సూర్యునిలో కొంతభాగమే మరుగుపడే చుట్టుభాగం ఉపచ్ఛాయ. పటంలో ఈ రెంటిమధ్య గీత గీచినట్లే ఉంటుంది. ఉపచ్ఛాయ బయటి అంచు కూడ గీతే. ఆకాశంలో అటువంటి గీతలు లేవు.

ఆ రాత్రి చంద్రుడు 8-58 గంటలకు ఉపచ్ఛాయను తాకినాడు. అనేక వార్తలలో గ్రహణం ప్రారంభకాలంగా ఇదే ప్రకటించినారు. అది నమ్మి తొమ్మిది గంటలకు వీధిలోనికి వచ్చినవారికి నిండు చంద్రుడు తప్ప వేరొకటి కనబడలేదు. మా వీధిలో కొందరు "ఏమీ లేదు" అని లోపలికి పోయి తలుపు వేసుకొన్నారు. ఉపచ్ఛాయ బయటి అంచులో సూర్యునిలో ఏ కొంచెమో మాత్రమే మరుగుపడుతుంది. వెలుగులో ఆ తగ్గుదల కంటికి అందదు. మాకు 9-40 ప్రాంతంలో చంద్రుని ఎడమ అంచున పొగ పట్టినట్లు ఒక మసక తెలిసినది. 9-57కు అసలు నొక్కు పడినది. ఆ నొక్కు అంచు కూడ కత్తితో కోసినట్లు ఉండదు. అందుకనే ఇద్దరు కూర్చుండి కాలం రాసుకొంటే ఒకటి రెండు నిమిషాలు తేడా రావడం సహజం.

మా అమ్మగారి పంచాంగంలో మాత్రం 8-58 ప్రసక్తి లేదు. పంచాంగాలు సాధారణంగా ఉపచ్ఛాయను లెక్కలోనికి తీసుకొనవు. ప్రచ్ఛాయను తాకడం స్పర్శ. బింబం పూర్తిగా మునగడం నిమీలనం. నడిమి క్షణం మధ్యకాలం. తిరిగి వెలుగు తొంగిచూడడం ఉన్మీలనం. నీడ పూర్తిగా విడిచిపోవడం మోక్షం. కంటికి తెలిసే అయిదు ఘట్టాలకు అయిదు చక్కని మాటలు. మన విజ్ఞాన పాఠంలో ఇవి ఎందుకు లేవో నాకు బోధపడదు. మతాచారంతో కలసి ఉన్నవని విడిచినారేమో! మాటలు ఎక్కడినుండి వచ్చినా, అవి చూపే ఘట్టాలు ఆకాశంలో జరిగేవే గదా.

నాలుగవ దోషం: కాలం

పటం కదలదు. గ్రహణం కదులుతుంది. ఇది అన్నిటికంటె పెద్ద దోషం. దీనిని సరిదిద్దితే వచ్చే లాభం కూడ పెద్దదే.

మొదట, నీడ ఏ వైపునుండి పడుతుంది? పూర్తి మార్కులు వచ్చిన విద్యార్థిని అడిగి చూడండి. పటంలో జవాబు దొరకదు. దక్షిణం వైపు మొగం పెట్టి చూచిన మాకు చంద్రుని ఎడమవైపు, అనగా తూర్పు అంచు, ముందు మసకబారినది. చంద్రుడు రోజూ అందరితోపాటు పడమటికి పోతున్నట్లు కనబడినా, తన సొంత నడకలో నక్షత్రాల మధ్య పడమటినుండి తూర్పుకు జరుగుతూ ఉంటాడు. కనుక తూర్పు అంచు ముందుగా నీడలో దూరుతుంది. సూర్యగ్రహణంలో అదే నడకవలన చంద్రుడు సూర్యుని పడమటి అంచును ముందు కప్పుతాడు. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో ఈ తేడానే ఎత్తి చూపి, రాహువు మింగడం వలన గ్రహణం రాదని వాదించినాడు. చూచినదానిని ఆధారంగా చేసుకొని నమ్మకాన్ని ఖండించడమంటే ఇది.

రెండవది కాలగణన. ఆనాటి లెక్కలు ఇవి: స్పర్శ రాత్రి 9-57, నిమీలనం 11-01, మధ్యకాలం 11-41, ఉన్మీలనం 12-22, మోక్షం 1-26. మా కంటికి తోచిన కాలాలు వీటికి రెండు నిమిషాల లోపలే ఉన్నవి. ఇప్పుడు ఈ అంకెలతో ఏమి చేయవచ్చును?

స్పర్శనుండి నిమీలనంవరకు 64 నిమిషాలు. ఇది చంద్రుడు తన వెడల్పంత దూరం లోపలికి పోవడానికి పట్టిన కాలం. స్పర్శనుండి ఉన్మీలనంవరకు 145 నిమిషాలు. నీడను ముందుగా తాకిన అంచు నీడ ఆవలి ఒడ్డుకు చేరడానికి పట్టిన కాలం ఇది. 145ను 64తో భాగిస్తే సుమారు 2.3. అనగా చంద్రుని దారిలో భూమి నీడ చంద్రుని వెడల్పుకు రెండు రెట్లకు పైగా ఉన్నది. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో గ్రీకు శాస్త్రజ్ఞుడు అరిస్టార్కసు ఇదే పద్ధతిలో ఆలోచించి రెండు రెట్లు అని తీసుకొన్నాడు.

ఇంకొక అడుగు వేయవచ్చును. సూర్యబింబం మనకు సుమారు అర డిగ్రీ వెడల్పు కనబడుతుంది. అందుచేత భూమి నీడ అర డిగ్రీ కోణంతో సన్నగిల్లుతూ పోతుంది. చంద్రబింబం వెడల్పు కూడ అర డిగ్రీయే. కనుక చంద్రుని దగ్గరకు పోయేసరికి నీడ తగ్గిపోయే వెడల్పు సరిగా ఒక చంద్రుడంత. అనగా నీడ వెడల్పుకు ఒకటి కలిపితే భూమి వెడల్పు వస్తుంది: 2.3కు 1 కలిపితే 3.3. భూమి చంద్రునికి 3.3 రెట్లు అని మా డాబా లెక్క. నిజానికి అది 3.67 రెట్లు. ఒక చాప, ఒక గడియారం, ఒక నోటుపుస్తకం పెట్టుబడిగా పెట్టి చంద్రుని పరిమాణాన్ని పదో వంతు తేడాతో పట్టుకొన్నాము!

ఆ తేడా ఎందుకు వచ్చినది? చంద్రుడు నీడ నడిమినుండి పోలేదని పైన చెప్పినాను. వృత్తంలో వ్యాసం మీదుగా గాక, దానికి పక్కగా ఒక జ్యా మీదుగా పోయినాడు. అందుచేత నీడ ఉన్నదానికంటె ఇరుకుగా తోచినది. 2018 జూలై 28 తెల్లవారుజామున మనకు కనబడిన గ్రహణంలో చంద్రుడు నడిమికి ఇంకా దగ్గరగా, భూమికి దూరంగా ఉండి నెమ్మదిగా నడచినాడు. సంపూర్ణ గ్రహణం 103 నిమిషాలు నిలిచినది. 2025లో అది 82 నిమిషాలు మాత్రమే. ఈ తేడాను వివరించమని తొమ్మిదవ తరగతి విద్యార్థిని అడగవచ్చును. వృత్తం, జ్యా అతనికి లెక్కల పుస్తకంలో తెలిసినవే. లెక్కల పుస్తకానికి, సామాన్యశాస్త్రం పుస్తకానికి మధ్య ఉన్న గోడను ఇటువంటి ఒక్క ప్రశ్న కూల్చగలదు.

పాఠం చివరి పేరా

గ్రహణ పాఠం చెప్పినప్పుడు మనలో చాలామంది చివర మూఢనమ్మకాల ప్రస్తావన తెస్తారు. గ్రహణవేళ వంట విషం కాదు, గర్భవతికి గ్రహణం చూచినందువలన హాని లేదు, పాము చంద్రుణ్ణి మింగదు అని చెప్పుతాము. ఇవన్నీ నిజాలే, చెప్పవలసినవే. నా అభ్యంతరం వేరు. ఇంట్లో పెద్దవాళ్లు "చూడవద్దు" అంటారు. బడిలో మనం "పెద్దవాళ్ల మాట తప్పు" అంటాము. కాని "రాత్రి డాబా ఎక్కి చూచి, రేపు ఏమి చూచినావో రాసి తెమ్ము" అని ఎంతమందిమి అన్నాము? పిల్లవాడు ఒకరి మాటను విడిచి మరొకరి మాటను పట్టుకొన్నాడు. రెండు చోట్లా అతని కన్ను మూసియే ఉన్నది. విన్నమాటకు విన్నమాటయే పోటీ అయితే దానిని విజ్ఞానం అనలేము.

పైగా మనవల్లనే ఒక కొత్త భయం పుట్టినది. సూర్యగ్రహణాన్ని వట్టి కంటితో చూడరాదని గట్టిగా చెప్పుతాము. అది సరియే, కంటికి ప్రమాదం. కాని చంద్రగ్రహణానికి ఆ ప్రమాదం లేదని అంత గట్టిగా చెప్పము. ఆ రాత్రి మా డాబాకు ఒక చిన్నమ్మాయి నల్లకళ్లద్దాలు పెట్టుకొని వచ్చినది! నిండు పూర్ణిమ చంద్రుణ్ణి ఎట్లా చూస్తామో, గ్రహణ చంద్రుణ్ణి అట్లాగే చూడవచ్చును. బైనాక్యులర్లు ఉంటే ఇంకా మంచిది; నీడ అంచు దగ్గర సన్నని నీలిచాయ కూడ వాటిలో తెలుస్తుంది.

మా అమ్మగారు ఆ రాత్రి భోజనం ముందే ముగించి, స్పర్శకాలానికి జపం చేసుకొంటూ కూర్చున్నారు. నేను వాదించలేదు. 12-22 సమీపిస్తూండగా ఆమెయే పైకి వచ్చి, "ఉన్మీలనం వేళయింది, ఏ వైపు తెల్లబడుతుందిరా?" అని అడిగినారు. మాలో ఎవరమూ వెంటనే చెప్పలేకపోయినాము. ముందుగా మునిగిన అంచే ముందుగా తేలుతుందని, తూర్పు వైపే మొదట వెలుగు వస్తుందని ఆలోచించి చెప్పినవాడు ఆ పదవ తరగతి అబ్బాయి. రెండు నిమిషాలలో ఆకాశం అతని మాటను నిలబెట్టినది.

ఏమి చేయవలెను?

పటాన్ని తీసివేయమని నేను అనను. దాని పక్కన మూడు పనులు చేర్చవలెను. ఒకటి, పంపరపనస, నిమ్మకాయల కొలత. రెండు, పటంలో చంద్రునికి ఎర్ర పెన్సిలు, "కొలతల ప్రకారం కాదు" అనే మాట. మూడు, ఇంటివద్ద పరిశీలన.

మూడవదానికి ఖర్చు లేదు. నోటుపుస్తకంలో రూపాయి బిళ్ల పెట్టి పదహారు వలయాలు ముందే గీచుకోవలెను. స్పర్శకు కొంచెం ముందునుండి పావుగంటకు ఒకసారి, నీడ ఎంతవరకు వచ్చినదో ఒక్కొక్క వలయంలో గీచి, ప్రక్కన కాలం రాయవలెను. నీడ అంచు ప్రతిసారీ వంపుగానే ఉన్నదా అని గమనించవలెను. భూమి గుండ్రమనడానికి అరిస్టాటిలు చూపిన ఆధారాలలో అది ఒకటి. సంపూర్ణ గ్రహణంలో చంద్రుని రంగుకు సున్న నుండి నాలుగులోపల ఒక అంకె వేయవలెను. పూర్ణిమ వెలుగులో కనబడని చుక్కలు ఆ సమయంలో ఎన్ని పైకి వచ్చినవో లెక్కపెట్టవలెను. మబ్బు అడ్డు వస్తే "మబ్బు" అని రాయవలెను, చూడనిది గీయరాదు. ఈ చివరి నియమమే అన్నిటిలోనూ ముఖ్యం.

నాలుగవది ఒకటి మన చేతిలో ఉన్నది: పరీక్ష ప్రశ్న. "చంద్రగ్రహణాన్ని పట సహాయంతో వివరింపుము" అని అడిగినంతకాలం విద్యార్థి పటమే నేర్చుకొంటాడు. "నీవు దక్షిణం వైపు తిరిగి చంద్రగ్రహణం చూస్తున్నావు. ఏ అంచు ముందు మసకబారుతుంది? ఎందుచేత?" అని ఒక్క ఏడు అడిగి చూడండి. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు మన పాఠం విలువ మనకు తెలిసిపోతుంది.

2028 డిసెంబరు 31 రాత్రి మన ప్రాంతానికి మరొక సంపూర్ణ చంద్రగ్రహణం మొదటినుండి చివరివరకు దక్కుతుంది. స్పర్శ సుమారు 8-38కి. సంపూర్ణ గ్రహణం 9-46 నుండి 10-58 వరకు. మోక్షం అర్ధరాత్రి దాటిన ఆరు నిమిషాలకు. భాద్రపదంలోవలె వానమబ్బుల బెడద అంతగా ఉండని కాలం. కొత్త సంవత్సరం కోసం ఎట్లాగూ ఊరంతా మేలుకొనే ఉంటుంది. ఉపాధ్యాయ మిత్రులు ఆనాటికి తమ విద్యార్థుల చేత వలయాలు గీయించి ఉంచవలెనని నా మనవి. మరుసటి ఉదయం ఆ పుస్తకాలు తెప్పించి చూడండి. వాటిలో చంద్రుడు ఎర్రగా ఉంటే, మన పాఠం ఒక అడుగు ముందుకు వేసినట్లే.